చౌడు నేల మందు, సీసపు గుండు
(సీమ తుపాకి కథ: తొమ్మిదో భాగం)

గత సంచికలో గండికోట దగ్గర ఆగాం. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, మీర్ జుమ్లా కొలువులో తన దేశస్థుడే అయిన క్లాడ్ మయ్యే ఫిరంగులు పోతపోసే పనిలో ఉండటం చూశాడు. అందుకోసం గుళ్లలోని లోహ విగ్రహాలను పోగుచేయించిన సంగతీ ఆయనే రాశాడు. ఫిరంగి రాజులకే చెల్లిన ఆయుధం. దానికి పోతపని కొలిమి కావాలి, ఈడ్చడానికి ఎడ్లు కావాలి, జీతం తీసుకునే గోలందాజు కావాలి. ఈ సంచికలో మాట్లాడుకోబోయేది ఒక్క మనిషి భుజాన వేసుకుని నడిచే తుపాకి గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ తుపాకి కడుపులోకి వెళ్లే మందూ గుండూ గురించి. రాయలసీమలో రెండు శతాబ్దాల పాటు ఎవరు ఎవరికి లొంగాలో తేల్చింది తుపాకి కన్నా ఎక్కువగా మందే అని నా నమ్మకం. ఆ మందు ఊళ్లోనే పుట్టినంత కాలం ఊరు బలంగా ఉంది. అది మూసిన ఇత్తడి తూటాలో చేరి దూరపు కార్ఖానా నుంచి రావడం మొదలయ్యాక ఆ బలం చేతులు మారింది.

కథకు వేంపల్లె మంచి చోటు. దక్షిణాన కొండల వరసను చీల్చుకుని పాపాఘ్ని నది బయటపడే గండి ఉంది. రాముడు బాణపు మొనతో బండ మీద హనుమంతుణ్ని గీశాడని జనం చెప్పుకునే వీరాంజనేయ క్షేత్రం అక్కడే. నది అక్కడి నుంచి వేంపల్లె మీదుగా ఉత్తరానికి సాగి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. తూర్పున కడప, పడమర వేముల, పులివెందుల. కనుమ దాటి వచ్చే బాటసారి, ఎడ్ల మంద, దండు ఈ ఇరుకు దారి పట్టాల్సిందే. అటువంటి చోట పది తుపాకులున్నవాడు సుంకం వసూలు చేస్తాడు, యాభై ఉన్నవాడు పాలెగాడవుతాడు.

ఆ తుపాకులకు మందెక్కడిది?

మన ఊళ్లన్నిటి పక్కనా పాటిదిబ్బలుంటాయి. ఎప్పుడో పాడుబడిన పాత ఊరి గోడలు, గాదెలు, పశువుల కొట్టాలు కూలి మట్టిలో కలిసిన చోట్లు అవి. రైతులు ఈనాటికీ పాటిమన్ను తోలుకుని చేలో చల్లుతారు. పేడ, మూత్రం, బూడిద తరతరాలుగా ఇంకిన మట్టి అది. అందులోని సూక్ష్మజీవులు నత్రజనిని నత్రితంగా మార్చి పెడతాయి. వాన ఎక్కువగా పడే దేశంలో ఆ సారం కరిగి వాగుల్లో కొట్టుకుపోతుంది. ఇక్కడ వాన తక్కువ, ఎండాకాలం పొడుగు. నేల లోపలి చెమ్మ ఆవిరై పైకి లేస్తూ ఆ సారాన్ని వెంట తెచ్చి పైపొరలో వదిలేస్తుంది. ఫాల్గుణం దాటాక పాత మట్టిగోడల అడుగున తెల్లగా పొంగే పూత ఇదే. దాంట్లో తిండి ఉప్పూ ఉంటుంది, పెట్లుప్పూ ఉంటుంది. కొన్ని చోట్ల పెట్లుప్పునే సురేకారం అంటారు. పంట పండనివ్వని పొడినేల మీద, ఆ పొడితనం వల్లనే, మందుకు కావలసిన ముఖ్య సరుకు పోగుపడింది.

చౌడు మట్టిని నీళ్లతో వడగట్టి ఉప్పు తీసే విద్య ఉప్పర్లది. సముద్రపు ఉప్పు కొనలేని సీమ పల్లెలకు చాలా కాలం మట్టి ఉప్పే దిక్కు. పెట్లుప్పు తీయడం కూడా ఆ పని లాంటిదే, కాకపోతే కాచే దగ్గర నేర్పు కావాలి. వేడి నీళ్లలో పెట్లుప్పు విపరీతంగా కరుగుతుంది, చల్లారితే చాలా భాగం పలుకులుగా విడిపోతుంది. తిండి ఉప్పు మాత్రం వేడికీ చలికీ పెద్దగా మారదు. ఈ ఒక్క తేడా పట్టుకుని రెంటినీ విడదీసేవారు. రసాయనశాస్త్రం పుస్తకం ముట్టని మనుషులు పొయ్యి దగ్గర కూర్చుని, కడాయిలో నీటి రంగు చూసి, నాలుక మీద చుక్క వేసుకుని ఈ పని చేశారు. అదే కాలంలో ఈస్టిండియా కంపెనీ బీహారు నుంచి ఓడల కొద్దీ పెట్లుప్పు ఇంగ్లండుకు తరలించింది. ఐరోపా యుద్ధాలకు ఆ సరుకే ఆధారం. సీమ పెట్లుప్పుకు అంత ఖ్యాతి లేదు, ఓడలూ ఎక్కలేదు. ఎక్కడ పుట్టిందో ఆ చుట్టుపక్కలే ఖర్చయిపోయింది.

మిగతా రెండు సరుకుల్లో బొగ్గు సమస్యే కాదు. తేలికపాటి కర్ర కాల్చిన బొగ్గు మందుకు మేలని దేశమంతా ఎరుగుదురు. జిల్లేడు, జెముడు బొగ్గు వాడాలని శుక్రనీతి చెబుతుంది. ఆ రెండూ సీమలో ఏ బీడులో చూసినా ఉంటాయి. చిక్కంతా గంధకంతో. అది ఈ నేలలో లేదు. బయటి నుంచి వర్తకుల చేతుల మీదుగా రావాలి. అందుకే పాలెగాడికి తన ఊరి శెట్టితో మంచిగా ఉండక తప్పేది కాదు. ఊరు మొత్తం సొంతంగా చేసుకోగలిగిన మందులో బజారు మీద ఆధారపడ్డ భాగం అదొక్కటే.

గుండుకు సీసం కావాలి. కడప జిల్లా నల్లమల అంచున జంగమరాజుపల్లె దగ్గర పాత సీసపు గనులుండేవి. పందొమ్మిదో శతాబ్దపు తెల్ల భూగర్భ పరిశోధకులు వాటిని గురించి రాశారు. కడప కొండల రాళ్లను వరసలుగా విడదీసి పేర్లు పెట్టిన విలియం కింగ్ గ్రంథం 1872లో అచ్చయింది. మన వేంపల్లె పేరు ప్రపంచ భూగర్భశాస్త్రంలో నిలిచింది ఆ పని వల్లే. దాదాపు 190 కోట్ల ఏళ్లనాటి సున్నపురాతి పొరలను ఈనాటికీ ‘వేంపల్లె పొరలు’ అనే అంటారు. తుమ్మలపల్లె యురేనియం దొరుకుతున్నదీ వాటిలోనే. సీసం తక్కువ వేడికే కరుగుతుంది కనుక ఇంటి పొయ్యి చాలు. రెండు రేకుల రాతి అచ్చులో పోసి, చల్లారాక అంచు గీరేస్తే గుండు తయారు. సీసం దొరకనప్పుడు ఇనుప ముక్కలు, గులకరాళ్లు కూడా దట్టించేవారు. అవి గొట్టాన్ని గీరి పాడుచేస్తాయని తెలిసే ఆ పని చేశారు.

ఇక దట్టించడం. ఆనాటి జామగి తుపాకి మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండేది. బంటు దాన్ని నేలకు ఆనించి నిలబెట్టి, నడుముకు వేలాడే కొమ్ము నుంచి మందు గొట్టంలో పోస్తాడు. ఎంత పొయ్యాలన్నది ఆ తుపాకితో అతని సాహచర్యాన్ని బట్టి ఉంటుంది. ఒక్కొక్క గొట్టానిది ఒక్కో తీరు, ఒకదాని కొలత ఇంకోదానికి పనికిరాదు. తర్వాత గుడ్డపీలికలో చుట్టిన గుండు. దాన్ని గజంతో అడుగుదాకా దిగ్గొట్టి, చెవి పక్కనున్న పళ్లెంలో మెత్తని రంజకం చల్లుతాడు. జామగి వత్తి నిప్పును నోటితో ఊది ఎర్రగా రాజేస్తాడు. చివరికి గురి. మీట నొక్కితే వత్తి పళ్లెంలో వాలుతుంది. ముందు రంజకం భగ్గుమంటుంది, క్షణం తర్వాత తుపాకి పేలుతుంది. ఆ క్షణంలో జింక పక్కకు గెంతితే అంతే సంగతులు. వాన వస్తే వత్తి ఆరిపోతుంది. రాత్రిపూట వత్తి నిప్పు శత్రువుకు దూరం నుంచే కనిపిస్తుంది. ఇన్ని లోపాలున్నా ఇంగ్లీషువాళ్ల చెకుముకి తుపాకి వచ్చాక కూడా జామగి పోలేదు. కారణం సులువు. చెకుముకి తుపాకికి మంచి రాయి కావాలి, గట్టి స్ప్రింగు కావాలి, రెండూ కొనాల్సినవే. జామగి పాడైతే ఊరి కమ్మరి సాయంత్రానికి బాగుచేసి చేతిలో పెడతాడు.

ఒక ఊరు తన మట్టి నుంచి, తన కమ్మరి కొలిమి నుంచి, తన కొండ నుంచి యుద్ధ సామగ్రి తీసుకోగలిగితే ఆ ఊరిని ఎవరు లొంగదీస్తారు? 1800 అక్టోబరు 12న నిజాము తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యపు ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి ధారపోశాడు. ఆ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ముందు నిలిచిన ప్రశ్న అదే. ఆయన లెక్కకు తేలిన పాలెగార్లు 80 మంది. వాళ్ల చేతికింద ఆయుధాలు పట్టినవాళ్లు 30,000 మందిదాకా. నొస్సం, పోరుమామిళ్ల, చిట్వేలు, మన పక్కనే వేముల. పాలెగాళ్లే కాదు, ఊరి కావలి కాసే కట్టుబడి బంట్లకు కూడా మాన్యాలుండేవి, తుపాకులుండేవి. మన్రో జాబులు చదివితే ఆయనను కలవరపెట్టింది పాలెగార్ల పొగరు ఒక్కటే కాదని తెలుస్తుంది. ఏ పల్లె చూసినా మట్టి కోట, ఆ కోటలో బురుజు, బురుజు మీద తుపాకి. పన్ను అడగడానికి వెళ్లిన ప్రతిసారీ సిపాయిల్ని వెంటబెట్టుకుని వెళ్లాల్సి వస్తే దేశాన్ని ఏలడం ఎలా?

1801లో తెర్నేకల్లు గ్రామం ఆ ప్రశ్నను రక్తంతో అడిగింది. నేటి కర్నూలు జిల్లాలోని ఆ ఊరివాళ్లు పన్ను కట్టం అన్నారు, ప్రభుత్వ ఉద్యోగిని చంపారు. కంపెనీ దళం వస్తే కోట తలుపులు మూసి ఎదుర్కొన్నారు. మొదటి దాడి విఫలమైంది. జనరల్ డుగాల్డ్ కాంప్‌బెల్ మరిన్ని ఫిరంగులతో దిగాకే కోట పడింది. ఆ తర్వాత జరిగిన ఊచకోత గురించి చదవడం కష్టం. ఇది రాజ్యం కోసం కత్తి దూసిన సంస్థానం కాదు, జొన్న పండించుకునే ఊరు. అటువంటి ఊరు కంపెనీ పటాలాన్ని ఒకసారి వెనక్కి తిప్పగలిగింది. ఆ గోడల వెనక చేతనిండా మందు లేకుండా అది జరిగే పని కాదు.

మన్రో 1807 వరకు ఇక్కడ ఉన్నాడు. కొందరు పాలెగార్లకు భత్యం ఇచ్చాడు, కొందర్ని దేశం దాటించాడు, బంట్లను చెదరగొట్టాడు, కోటల్ని పడగొట్టించాడు. ఆయన్ని సీమ జనం ప్రేమించిన మాట నిజమే. 1827లో పత్తికొండలో కలరాతో ఆయన చనిపోతే ఏడ్చిన ఊళ్లున్నాయి. ఆ ప్రేమతో పాటు, ఆయుధం పట్టిన రైతును ఆయుధం లేని పన్నుదారుగా మార్చిందీ ఆయనే అన్న సంగతిని కూడా గుర్తుపెట్టుకోవాలి. మన చరిత్ర పుస్తకాలు మొదటి సగం చెప్పి రెండో సగం మింగేస్తుంటాయి.

మందు తయారీ పెద్ద ఎత్తున జరిగి, పట్టుబడ్డ ఘటన కర్నూలుది. నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడన్న అనుమానంతో 1839లో కంపెనీ దండు వచ్చింది. కోట తలుపులు పోరు లేకుండానే తెరుచుకున్నాయి. లోపల చూసినవాళ్లకు నోట మాట రాలేదు. మహలు, తోటలు, చివరికి జనానా కూడా పోతపని శాలలుగా, మందుగుండు కొట్లుగా మారి ఉన్నాయి. ఎవరి మీద యుద్ధానికి ఇదంతా అన్నది ఈనాటికీ చరిత్రకారులు వాదించుకునే విషయం. నిజాము తమ్ముడు ముబారిజుద్దౌలా పేరుతో నడిచిన వహాబీ కుట్రతో దీన్ని ముడిపెట్టారు. అక్టోబరు 18న ఊరి బయట జొహరాపురం దగ్గర నవాబు మనుషులు పోరాడి ఓడారు. ఆయన్ని తిరుచిరాపల్లికి పంపించారు, మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. ఆ మందు ఒక్క యుద్ధంలోనైనా కాలకుండా కంపెనీ లెక్కల పుస్తకంలో చేరింది.

ఆ తర్వాత ఏడేళ్లకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచాడు. ఆ కథ అందరికీ తెలుసు కనుక ఇక్కడ అవసరమైనంతే చెప్తాను. 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డ వాళ్లలో మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు ఎక్కువ. భూమి పోయింది, తాతల నాటి జామగి తుపాకి, దాన్ని దట్టించే నేర్పు మిగిలాయి. గిద్దలూరు దగ్గర వాళ్లు కంపెనీ దళాన్ని నిలువరించగలిగారంటే ఆ నేర్పే కారణం. అక్టోబరు 6న ఆయన పట్టుబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. సీమలో ఊరి మందుతో ఊరి తుపాకి చేసిన చివరి పెద్ద పోరాటంగా దాన్నే చెప్పుకోవాలి.

ఈలోగా ప్రపంచంలో తుపాకి మారిపోయింది. వత్తి పోయి, సుత్తి దెబ్బకు పేలే రాగి టోపీ వచ్చింది. ఆ వెనుక టోపీ, మందు, గుండు మూడింటినీ ఒకే ఇత్తడి గొట్టంలో బిగించిన తూటా వచ్చింది. బయటి నుంచి చూస్తే ఇది సౌకర్యం. వానకు తడవదు, కొలత తప్పదు, గజంతో దంచే పని లేదు. ఊరి వైపు నుంచి చూస్తే ఇది తెగిపోయిన దారం. టోపీలోని పేలుడు పదార్థం ఉప్పర్ల కడాయిలో పుట్టదు. ఇత్తడిని తూటా గొట్టంగా లాగే యంత్రం కమ్మరి కొలిమిలో లేదు.

ఆ తెగిన దారానికి 1878లో చట్టం ముడి వేసింది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన ఆయుధాల చట్టాన్ని భారతీయుల చేతి నుంచి తుపాకి లాక్కున్న చట్టంగా చెప్పుకుంటాం, అది న్యాయమే. తెల్లవాళ్లకు మినహాయింపు, మనకు లైసెన్సు. అందులోని నిర్వచనాలను కాస్త ఆగి చదివితే మరో సంగతి బయటపడుతుంది. మందుగుండు అనే మాట కింద రాగి టోపీలు, చెకుముకి రాళ్లు, గుడ్డ బిళ్లలు, తూటాలు చేసే యంత్రాలు కూడా చేర్చారు. సీసం, గంధకం, పెట్లుప్పు మాత్రం ఆ మాట కిందికి రావన్నారు. వాటిని సైనిక సామగ్రి అనే వేరే పద్దులో పెట్టి, కావలసినప్పుడు కట్టడి చేసే వీలు సర్కారు చేతిలో ఉంచుకున్నారు. చట్టం రాసినవాడికి సీమ పాటిదిబ్బ సంగతి బాగా తెలుసు. 1884లో పేలుడు పదార్థాల చట్టం వచ్చి మిగిలిన తలుపూ మూసింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉప్పు పన్ను కోసం సీమలో మట్టి ఉప్పు తయారీని అణిచేశారు. ఉప్పర్ల కడాయిలు చల్లారాయి. ఒక పన్ను, రెండు చట్టాలు కలిసి ఒక విద్యను తుడిచిపెట్టిన తీరు ఇది. దీని గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ.

ఇప్పుడు భూగోళానికి అవతలి వైపు చూడాలి. సీమలో చేతి దట్టింపు చచ్చిపోతున్న ఆ ఏళ్లలోనే అమెరికా మైదానాల్లో అది కొత్తగా ప్రాణం పోసుకుంది. చొక్కాల వ్యాపారంలో డబ్బు చేసుకున్న ఆలివర్ వించెస్టర్ న్యూ హేవెన్‌లో పెట్టిన కంపెనీ మీట తుపాకులకు పేరుపడింది. దాని మూలం 1860లో బెంజమిన్ టైలర్ హెన్రీ చేసిన తుపాకి. వేలు పెట్టే మీట చుట్టూ ఉండే ఇనుప వలయాన్ని కిందికి తోసి పైకి లాగితే పాత గొట్టం ఎగిరిపడి కొత్త తూటా లోపలికి వెళ్తుంది. జామగి బంటు ఒక్కసారి దట్టించే లోపల దీంతో పది దెబ్బలు కొట్టవచ్చు. 1877లో ప్లెవ్నా దగ్గర తురుష్క సైనికులు ఈ తుపాకులతో రష్యా దళాలను ఎలా నరికేశారో చూసి ఐరోపా సైన్యాధికారులు నివ్వెరపోయారు.

మైదానాల్లో దున్నల వేటగాడికీ పశువుల కాపరికీ ఒక ఇబ్బంది ఉంది. తూటాల దుకాణం రోజుల ప్రయాణంలో ఉంటుంది. అయితే ఇత్తడి గొట్టం ఒక్క దెబ్బతో పాడవదు. దాని అడుగున కాలిపోయిన టోపీ తీసి కొత్తది పెట్టి, ఉబ్బిన గొట్టాన్ని అచ్చులో నొక్కి మామూలు కొలతకు తెచ్చి, మందు పోసి, సొంతంగా పోత పోసిన సీసపు గుండు బిగిస్తే తూటా మళ్లీ సిద్ధం. ఇందుకు వించెస్టర్ కంపెనీయే పనిముట్లు అమ్మింది. 1884లో జాన్ బార్లో అదే న్యూ హేవెన్‌లో ఐడియల్ అనే కంపెనీ పెట్టి, పటకారులా ఉండే ఒకే పనిముట్టులో ఇవన్నీ చేసే వీలు కల్పించాడు. గుండు అచ్చు కూడా దానికే ఉండేది. పాపాఘ్ని ఒడ్డున బంటు చేసినదీ మోంటానా గుడారంలో వేటగాడు చేసినదీ స్వభావంలో ఒకే పని. ఒక చోట రాజ్యం దాన్ని నేరమంది, ఇంకో చోట కంపెనీ దాన్ని సరుకుగా అమ్మింది.

పెద్ద గుండు మీట తుపాకుల్లో ఇలా తూటాలు మళ్లీ నింపడానికి ప్రత్యేకమైన లెక్కలున్నాయి. .45-70 అన్న పేరే చూడండి: అంగుళంలో నూటికి 45 వంతుల గుండు, 70 గ్రెయిన్ల నల్ల తుపాకిమందు. పొగరాని మందు వచ్చాక ఈ పేరు ప్రాణాంతకమైంది. నల్ల తుపాకిమందు కొలతకు కొత్త మందు పోసినవాళ్ల తుపాకులు చేతుల్లోనే పగిలాయి. రెండో లెక్క గుండు ఆకారానిది. ఈ తుపాకుల్లో ఎక్కువ వాటికి తూటాలు గొట్టం కిందున్న మరో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి బారుగా నిలబడతాయి. ముందు తూటా అడుగున టోపీ, దాన్ని ఆనుకుని వెనక తూటా మొన. మొన సూదిగా ఉండి కుదుపు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఆ గుండ్ల మొన చదును. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1895 నమూనాలో తూటాలు పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి కనుక ఆ భయం పోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యా ఈ నమూనాను దాదాపు 3 లక్షలు కొన్నది. 1904లో దీనికి .405 అనే పెద్ద తూటా వచ్చింది: 300 గ్రెయిన్ల గుండు, సెకనుకు 2,200 అడుగుల వేగం. థియొడోర్ రూజ్వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు తీసుకెళ్లింది దీన్నే.

మన సీమ అడవుల్లో మోగిన మీట తుపాకుల్లో పేరుకెక్కిందీ ఇదే. వేట కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ 1910లో సికింద్రాబాదు పక్కన బొల్లారంలో పుట్టి, బెంగుళూరులో స్థిరపడి, 1974లో కన్నుమూశాడు. ఆయన తొలి పుస్తకం 1954లో వచ్చింది. అప్పటి చిత్తూరు జిల్లా భాకరాపేట పక్క చామల లోయ, కడప రైలుదారిలో మామండూరు, నల్లమలలో దిగువమెట్ట ఆయన కథల్లో పులులు తిరిగిన చోట్లు. మన గండి నుంచి చామలదాకా ఉన్నది తెగని కొండల వరసే. ఆయన భుజాన .405 వించెస్టర్ ఉండేది. ఇంగ్లీషు దొరలు జోడు గొట్టాల తుపాకులకు వేలు పోసి కొంటుంటే, చవకైన ఈ అమెరికన్ తుపాకితో ఆయన నరభక్షకులను ఎదుర్కొన్నాడు. జోడు తుపాకికి రెండే దెబ్బలు. దీనికి నాలుగైదు. కటిక చీకట్లో గాయపడ్డ పులి మీదికి దూకేటప్పుడు ఆ తేడా చిన్నది కాదు.

ఆయన రచనల్లో పదే పదే వచ్చే ఒక విషయం నన్ను వెంటాడుతుంది. చాలా పులులు మనిషి మాంసం మరగడానికి మూలం నాటు తుపాకి గాయం. నీటి మడుగు పక్క దాక్కున్న దొంగవేటగాడు జింక కోసం రవ్వలు దట్టించి కూర్చుంటాడు. పులి వస్తుంది, భయంతోనో ఆశతోనో కాలుస్తాడు. ఆ రవ్వలకు పులి చావదు. కాలో దవడో పోగొట్టుకుని, జింకను పట్టలేక, కట్టెలు ఏరుకునే ఆడమనిషిని పడుతుంది. ఒకనాడు కోటగోడ మీద నిలిచి కంపెనీని ఆపిన జామగి తుపాకి వారసురాలు, తన నేర్పునంతా పోగొట్టుకుని, నాసిరకం మందుతో, దొంగచాటు బతుకుతో అడవిలో ఈ పనికి దిగజారింది. విద్యను నేరంగా మారిస్తే విద్య మాయం కాదు, చెడిపోతుంది. ఆ చెడిపోయిన విద్యే తర్వాతి కాలంలో నాటుబాంబు రూపంలో కడప, కర్నూలు పల్లెల్లో ఎన్ని ఇళ్ల దీపాలు ఆర్పిందో ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి సొంత గాయంగా తెలుసు.

.405 కథ కూడా తూటాతోనే ముగిసింది. 1895 నమూనా తయారీ 1930లలో ఆగిపోయింది. 1950ల మధ్యలో కంపెనీ ఆ తూటా చేయడమే మానేసింది. అప్పటికే స్వతంత్ర భారతం విదేశీ సరుకు దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. తుపాకి నిక్షేపంగా ఉంది, పెట్టడానికి తూటా లేదు. మరో చిక్కు మన ఎండ. పొగరాని మందు వేడెక్కితే మరింత ఉధృతంగా కాలుతుంది. చలి దేశపు కొలతతో నింపిన తూటా 44 డిగ్రీల ఎండలో ఉంటే లోపలి ఒత్తిడి పెరుగుతుంది, గొట్టం ఉబ్బి ఇరుక్కుపోతుంది. అందుకే ఇంగ్లీషు కంపెనీలు ఉష్ణదేశాలకని మందు తగ్గించి వేరే తూటాలు నింపేవి. కొలత మనిషి చేతిలో ఉన్న రోజుల్లో వేసవికి ఒక చిటికె తగ్గించడం బంటుకు ఒకరు చెప్పాల్సిన పని కాదు. అమెరికాలో ఈ తుపాకి ఉన్నవాళ్లు మాత్రం కంపెనీ మానేసినా మానలేదు. పాత ఇత్తడి గొట్టాలను దాచుకుని, అచ్చులు చేయించుకుని, యాభై ఏళ్లదాకా ఇంట్లోనే తూటాలు కట్టుకున్నారు. 2000 దాటాక ఆ తూటా మళ్లీ బజారులోకి వచ్చిందంటే వాళ్ల పట్టుదలే కారణం.

ఇక్కడ ఆ దారి లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. దాని 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ తూటా తయారు చేయరాదు. 2019 సవరణ తర్వాత అటువంటి తయారీకి కనీసం ఏడేళ్ల జైలు. సీమ చూసిన రక్తపాతం తర్వాత ఈ కాఠిన్యాన్ని నేను తప్పుపట్టను. చెనక్కాయ చేనును రాత్రికి రాత్రి పందులు తవ్విపోతే గట్టు మీద కూలబడే రైతు ముఖం చూసినప్పుడు మాత్రం ఆ సెక్షను చాలా దూరంలో, ఏ ఢిల్లీలోనో కూర్చున్నవాళ్లు రాసినట్టే ఉంటుంది. పంట కాపుదలకు లైసెన్సు దొరికినవాడి పుస్తకంలో ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో అంకె వేసి ఉంటుంది. ఎన్నికల ప్రకటన రాగానే తుపాకిని స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకుంటాడు. 30,000 మంది బంట్లను లెక్కపెట్టిన మన్రో వాళ్ల కొమ్ముల్లో మందెంతుందో లెక్కపెట్టలేకపోయాడు. ఇప్పుడు ప్రతి తూటాకూ దుకాణం రిజిస్టరులో ఒక గీత పడుతుంది.

వచ్చే భాగంలో గుర్రంకొండ కోట: 1791 ముట్టడి, టిప్పు తారాజువ్వలు.